పాఠకుల ప్రశ్నలు: క్రెల్లె పత్రిక కథ

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాడు. వాడి పుస్తకాల్లో ఏబెల్, వైర్‌స్ట్రాస్, కాంటర్ పేర్లు వచ్చినచోటల్లా ‘క్రెల్లె జర్నల్’ అనే మాట కనిపిస్తోంది. పత్రిక అసలు పేరు అది కాదని వాడే చెప్పాడు. ఈ క్రెల్లె ఎవరు? ఆయన కూడా అంతటి గణితవేత్తేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కాదు. ఈ పత్రిక చరిత్రలో మనం ముఖ్యంగా గమనించవలసింది అదే. ఆగస్ట్ లియోపోల్డ్ క్రెల్లె (1780–1855) అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వంలో ఇంజనీరుగా పనిచేశారు. రోడ్లు వేయించడం ఆయన ఉద్యోగం. 1838లో ప్రారంభమైన బెర్లిన్–పోట్స్‌డామ్ రైలు మార్గం రూపకల్పనలోనూ ఆయనకు పాత్ర ఉంది. గణితాన్ని చాలావరకు సొంతంగా నేర్చుకున్న ఆయన, తాను కొత్త సిద్ధాంతాలు కనిపెట్టగలవాడిని కాకపోయినా, కనిపెట్టగలవారిని చూడగానే గుర్తుపట్టగలిగేవారు. ఫ్రాన్సులో 1810 నుంచే జెర్గోన్ అనే గణితవేత్త నడుపుతున్న గణిత పత్రిక ఉండగా జర్మన్ దేశాల్లో అలాంటిది నిలదొక్కుకోలేదు. ఆ లోటు తీర్చడానికి 1826లో బెర్లిన్‌లో క్రెల్లె ప్రారంభించిన పత్రిక పేరు ‘శుద్ధ, అనువర్తిత గణిత పత్రిక’ అని అర్థమిచ్చే పొడుగాటి జర్మన్ పేరు. అంత పేరు పలకలేక జనం సంపాదకుడి పేరుతోనే పిలిచారు; ఆయన పోయాక కూడా ఆ పిలుపు పోలేదు.

పత్రిక పుట్టుకకు ముందు ఏడాది, 1825లో, నార్వే నుంచి నీల్స్ హెన్రిక్ ఏబెల్ అనే 23 ఏళ్ల యువకుడు బెర్లిన్ చేరాడు. ఐదో పరిమాణపు (అంటే తెలియని రాశి ఐదో ఘాతం దాకా ఉండే) సాధారణ సమీకరణానికి కరణుల (వర్గమూలం, ఘనమూలం వంటి మూలాల) సాయంతో సాధన సూత్రం ఉండదని అతడు అప్పటికే నిరూపించి, అచ్చు ఖర్చు తానే భరించి, డబ్బు కలిసిరావడం కోసం ఆ నిరూపణను ఆరు పుటల్లోకి కుదించి ప్రచురించాడు. ఆ కుదింపు వల్లనే దాన్ని అర్థం చేసుకున్నవారు లేకపోయారు. క్రెల్లె మాత్రం ఆ అనామకుణ్ణి నమ్మి, విపులమైన నిరూపణతో సహా ఆరుకు తగ్గకుండా అతని వ్యాసాలను తొలి సంపుటంలోనే వేశారు. ఏబెల్ ఫ్రెంచిలో రాసినవాటిని స్వయంగా జర్మన్‌లోకి అనువదించారు. ఒక సంపాదకుడు రచయిత కోసం ఇంతకన్నా ఏం చేయగలడు? అంతటితో ఆగక, ఏబెల్‌కు బెర్లిన్‌లో ఉద్యోగం కోసం అధికారుల చుట్టూ తిరిగారు. ఉద్యోగం ఖాయమైందని 1829 ఏప్రిల్ 8న ఆయన ఉత్తరం రాసేనాటికి, క్షయతో ఏబెల్ మరణించి రెండు రోజులైంది.

తరువాత కూడా ప్రతిభను గుర్తించడంలో క్రెల్లె చూపు మారలేదు. ఐజెన్‌స్టైన్ అనే యువ గణితవేత్త ఇంకా విద్యార్థిగా ఉన్న 1844లో, ఆ ఒక్క ఏడాదే అతనివి 20కి పైగా రచనలు ఈ పత్రికలో అచ్చయ్యాయి. బ్రౌన్స్‌బెర్గ్ అనే చిన్న ఊళ్లో బడిపంతులుగా ఉన్న వైర్‌స్ట్రాస్ పేరు 1854లో ఈ పత్రికలో వచ్చిన వ్యాసంతోనే యూరప్ అంతటా తెలిసింది. అదే ఏడాది కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

పేరులో ఉన్న ‘అనువర్తిత’ భాగం, అంటే ఆచరణలో వాడుకునే గణితం, మాత్రం క్రమంగా వెనకబడింది. క్రెల్లె 1829లో నిర్మాణ కళ కోసం వేరే పత్రిక పెట్టుకోవడంతో ఇది దాదాపు పూర్తిగా శుద్ధ గణితానికే మిగిలింది.

క్రెల్లె తరువాత సంపాదకత్వం బోర్కార్ట్ అనే గణితవేత్త చేతికి వచ్చింది. 1874లో కాంటర్, బీజీయ సంఖ్యలను (పూర్ణాంక గుణకాలున్న బహుపది సమీకరణాలకు సాధనలయ్యే సంఖ్యలను) వరుసపెట్టి లెక్కించవచ్చుగాని వాస్తవ సంఖ్యలన్నిటినీ అలా లెక్కించలేమని ఇందులోనే నిరూపించాడు. ఒక గీత మీది బిందువులకూ ఒక చదరంలోని బిందువులకూ ఒకటికొకటి జోడీ కుదురుతుందని చెప్పే వ్యాసాన్ని 1877లో పంపితే, అది 1878లో గాని అచ్చుకాలేదు. ఆ జాప్యానికి తన భావాలను వ్యతిరేకించే బెర్లిన్ గణితవేత్త క్రోనెకర్ కారణమని కాంటర్ అనుమానించి, ఆపైన ఈ పత్రికకు మరేదీ పంపలేదు. అతని తరువాతి వ్యాసమాలను 1868లో ప్రారంభమైన మరో జర్మన్ పత్రిక ‘మాటెమాటిషె అన్నాలెన్’ ప్రచురించింది. క్రెల్లె స్వయంగా ఉండి ఉంటే ఆ వ్యాసం అలా ఆగేది కాదని నా నమ్మకం.

ప్రశ్న: ఆ పత్రిక ఇప్పటికీ వెలువడుతోందా? పాత సంచికలు చూడటానికి వీలుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వెలువడుతోంది. బెర్లిన్‌లోని డి గ్రూయిటర్ సంస్థ ప్రచురిస్తోంది. పాత సంపుటాలను గోటింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో ఉంచింది. జర్మన్ రాకపోయినా మొదటి సంపుటం తెరిచి, ఏబెల్ సమీకరణాలను వరుసగా చూసుకుంటూ పోవచ్చు. గణితం చదివినవారికి వాటిలో చాలా గుర్తులు తెలిసినవే.