వసంతంలో క్రాపీ చేపలు ఒడ్డుకు ఎందుకు వస్తాయి?

డాలస్ దగ్గర ఉంటున్నవాళ్లు మార్చిలో పిల్లలతో, స్నేహితులతో చెరువుకు వెళ్తే క్రాపీ (అమెరికాలో దొరికే ఒక మంచినీటి చేప) పడుతుందా అని అడిగారు. పడుతుంది, ఏడాదిలో అదే మంచి సమయం.

చలికాలమంతా లోతులో ఉండే క్రాపీ, నీళ్ల వేడి 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేసరికి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తుంది. మగచేప తక్కువ లోతులో గూడు చేసుకుని, ఒళ్లు నల్లబడి, గుడ్లకు కాపలా కాస్తుంది. అందుకే పడవ అక్కర్లేదు. మునిగిన కొమ్మల దగ్గర, తుంగ పక్కన గాలం వేయండి.

బెండు కట్టి, కింద బతికున్న చిన్న చేపపిల్లను గుచ్చండి. క్రాపీ పైకి చూస్తూ తింటుంది కాబట్టి ఎర దాని కంటే కాస్త పైనే ఉండాలి. ఒక్కోసారి బెండు మునగదు, చేప ఎరతో పైకి రావడంతో పక్కకు వాలిపోతుంది. అదీ కాటే! అప్పుడు టెన్షన్ పడి గట్టిగా లాగకండి. దాని మూతి చర్మం కాగితంలా పలచన, చిరిగితే చేప పోయినట్టే. మా అబ్బాయి మొదటి రెండూ అలాగే పోగొట్టుకుని ఏడ్చాడు. మెల్లగా ఎత్తడం నేర్పాక మూడోది నిలిచింది.

టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, పెద్దలు తీసుకోవాలి. మామూలుగా 10 అంగుళాల కంటే చిన్నవాటిని వదిలేయాలి, మనిషికి రోజుకు 25 దాటకూడదు. ఆ చెరువుకు వేరే నిబంధనలున్నాయేమో ముందే చూసుకోండి.

మాంసం చాలా మెత్తన, పులుసు కంటే వేపుడుకే బాగుంటుంది.