సోఫాలో పిల్లి మూత్రపు వాసన

ప్రశ్న: మా పిల్లి హాలులోని సోఫాపై రెండు మూడు సార్లు మూత్రం పోసింది. సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టినా, వాన పడిన రోజున వాసన మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం, నీటిలో సులభంగా కరగని స్ఫటికాలుగా మారి, గుడ్డలోనూ లోపలి స్పాంజిలోనూ నిలిచిపోతుంది, కోనసీమ గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన తిరిగి లేవడానికి కారణం అదే. అగరుబత్తి, అత్తరు దానిని కప్పగలవే గాని తొలగించలేవు. పెంపుడు జంతువుల సామగ్రి అమ్మే దుకాణాలలో దొరికే, మూత్రపు మురికిని విడగొట్టే ఎంజైము ద్రావణాన్ని, రంగు పోతుందేమో ముందుగా కనిపించని మూలలో పరీక్షించి, మూత్రం ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు దిగేలా పోసి, సీసాపై చెప్పినంత సేపు తడిగా ఉంచండి. చాలామంది పైపైన చల్లి వెంటనే తుడిచేస్తారు. ఫలితం కనిపించకపోవడానికి నా దృష్టిలో అదే ప్రధాన కారణం. తరువాత పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వండి. మన వానాకాలంలో స్పాంజి ఆరక బూజు పడుతుంది కనుక, ఎండ కాసే రోజులు చూసుకోండి.

బ్లీచింగ్ పౌడరు మాత్రం వాడవద్దు. అది మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే హానికరమైన వాయువు వెలువడుతుంది.

పిల్లి పదేపదే అక్కడే పోస్తుంటే అది మూత్రనాళ వ్యాధి కావచ్చు, పశువైద్యునికి చూపించండి. ముఖ్యంగా మగపిల్లి మూత్రం రాక ముక్కుతూ ఉంటే, ఒక్క రోజు కూడా ఆగకుండా తీసుకువెళ్లండి.