కాలికి ఆల్కహాల్ పట్టీ వేశాక శానిటైజర్ తగిలితే తాగినట్టే లెక్కేస్తారా?

మీ తమ్ముడు అమెరికాలో రెండోసారి తాగి కారు నడుపుతూ దొరికాడు, కోర్టు 90 రోజులు స్క్రామ్ పట్టీ (తాగాడో లేదో కనిపెట్టడానికి చీలమండకు బిగించే పరికరం) వేసుకోమంది, శానిటైజర్ తగిలినా జైలేనా అని అడిగారు. చేతికి రాసుకున్నంత మాత్రాన తాగినట్టు తేల్చరు. ఎందుకో తెలియాలంటే పట్టీ ఏం కొలుస్తుందో తెలియాలి.

తాగిన ఆల్కహాల్‌లో ఒక శాతం దాకా చర్మం మీదుగా బయటికొస్తుంది. పట్టీలోని చిన్న పంపు అరగంటకోసారి చర్మం దగ్గరి గాలిని లాగి ఫ్యూయల్ సెల్ (ఆల్కహాల్‌ని పసిగట్టే సెన్సార్) మీదికి పంపుతుంది. అప్పుడు కాలి దగ్గర సన్నగా గుర్రుమంటుంది, కంగారు పడక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ల ఒంట్లో పుట్టే అసిటోన్‌కి ఈ సెల్ స్పందించదు.

తాగితే గ్రాఫ్ మెల్లగా ఎక్కుతుంది, గంటల తరబడి నిలిచి, ఇంకా మెల్లగా దిగుతుంది. చర్మం లెక్క రక్తం కంటే గంటా రెండు గంటలు వెనక నడుస్తుంది. రాత్రి తాగి, పొద్దున ఊదుడు పరీక్షలో సున్నా వచ్చినా రాత్రి సంగతి పట్టీలో ఉండిపోతుంది. శానిటైజర్, అత్తరు, స్ప్రే లాంటివైతే గ్రాఫ్ నిట్టనిలువునా లేచి అంతే వేగంగా పడిపోతుంది. పట్టీ కంపెనీ విశ్లేషకులు ఆల్కహాల్ లెక్క 0.02 శాతం దాటిందా అని చూసి ఆగరు. ఎంత వేగంగా ఎక్కింది, ఎంత వేగంగా దిగింది అనేవి చూశాకే తాగాడని నిర్ధారిస్తారు. అయితే ఆల్కహాల్ ఉన్న వస్తువులు వాడనని మొదటి రోజే సంతకం పెట్టించుకుంటారు. మాటిమాటికీ అలాంటి గీతలు వస్తుంటే అది విడిగా ఉల్లంఘన కిందికి వస్తుంది. పొరపాటున తగిలితే తేదీ, టైము, వస్తువు పేరు రాసుకుని అదే రోజు ఏజెంటుకు (పట్టీని పర్యవేక్షించే మనిషికి) ఫోన్ చేయమనండి. కంప్లయింట్ వచ్చాక చెప్పే కారణాన్ని అంత తేలిగ్గా నమ్మరు.

మనవాళ్ల ఇళ్లలో అసలు ప్రమాదం ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల్లో ఉంది. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ దానంతట అదే పుడుతుంది. ఎంత ఉందో సీసా మీదే వేస్తారు, చూడండి. చాలా హోమియో చుక్కల్లో, కొన్ని దగ్గు సిరప్‌లలో కూడా ఆల్కహాల్ ఉంటుంది. ఇవి కడుపులోకి వెళ్తాయి కాబట్టి ఒంట్లోంచే బయటికొస్తాయి. బయటినుంచి తగిలిందని వాదించే వీలుండదు. 90 రోజులూ వీటిని పక్కన పెట్టాల్సిందే. మౌత్‌వాష్ కూడా ఆల్కహాల్ లేనిదే కొనాలి.

చాలామంది ఇరుక్కునేది ట్యాంపర్ అలర్ట్‌తో, అంటే పట్టీని అడ్డుకోవడానికో తీయడానికో చూశారన్న హెచ్చరికతో. పట్టీకీ చర్మానికీ మధ్య ఏమైనా అడ్డం వచ్చిందా అని ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ చూస్తుంది, ఒంటి వేడి తగ్గిందా అని ఇంకో సెన్సార్ చూస్తుంది. ఒరుసుకుపోయి మండుతోందని సాక్సు అంచు లోపలికి దోపితే చాలు, అలర్ట్ వెళ్తుంది. రోజూ స్నానంలో పట్టీ కింద సబ్బునీళ్లతో కడిగి, నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు పోసి, టవల్ అంచు దూర్చి తడి తుడిచేయాలి. సబ్బు మిగిలితే దురద మొదలవుతుంది. పుండు పడితే ఫొటో తీసి ఏజెంటుకు పంపాలి, ఆయింట్‌మెంట్ సొంతంగా రాయకూడదు. షవర్ కింద నిలబడొచ్చు, టబ్బులో, స్విమ్మింగ్ పూల్‌లో కాలు ముంచకూడదు.

ఇంట్లో పెట్టే బేస్ స్టేషన్‌ని (పట్టీలోని రీడింగులను కంపెనీకి పంపే పెట్టె) పడక దగ్గర ప్లగ్గులో పెట్టి, ఎవరూ పీకకుండా చూసుకోండి. చెప్పిన టైముకు మీ తమ్ముడు దాని దగ్గరుండాలి. ఒకరోజు తప్పినా రీడింగులు పట్టీలోనే ఉంటాయి, కానీ డేటా రాలేదని అలర్ట్ వెళ్తుంది. ఎమ్మారై స్కాన్ ఉంటే ముందే చెప్పాలి, పట్టీ వాళ్లే తీసి మళ్లీ వేస్తారు.

ఖర్చు చాలాచోట్ల రోజుకు 10 నుంచి 15 డాలర్లు, బిగించినందుకు వేరే.

మీరు అడగలేదు గానీ, తను వీసా మీద ఉంటే ఇది పట్టీ కంటే పెద్ద విషయం. డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) అరెస్టు ఉంటే కాన్సులేట్ వీసా స్టాంపును రద్దు చేయొచ్చు, 2015 నుంచి ఇది నడుస్తోంది. అమెరికాలో ఉన్నంతకాలం స్టేటస్ (అక్కడ ఉండే చట్టబద్ధ అనుమతి) దానితోనే పోదు, కానీ ఇండియా వస్తే తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి, దానికి డాక్టరు పరీక్ష కూడా ఉంటుంది. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడిగేదాకా టికెట్ బుక్ చేయొద్దనండి.