చీమకుర్తి క్వారీ బొమ్మ పెద్ద ప్రింట్‌లో అలుక్కుపోతే

గుంటూరు ప్రదర్శనకి చీమకుర్తి గ్రానైట్ క్వారీలను సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మకు రంగులు మార్చి, మూడడుగుల ప్రింట్ తీస్తే మసకగా వచ్చిందన్నారు కదండీ. తప్పు ప్రింటర్‌ది కాదు. ఆ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. 4 కిలోమీటర్ల వెడల్పుకి వచ్చేది 400 పిక్సెళ్లే. 150 డీపీఐలో, అంటే అంగుళానికి 150 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే, మూడంగుళాలు కూడా రాదు.

ఫొటోషాప్‌లో పెద్దది చేసేటప్పుడు పిక్సెళ్ల మధ్య రంగుల్ని కలిపి నునుపు చేసే బైక్యూబిక్ పద్ధతి వదిలేసి, ఉన్న పిక్సెల్‌నే యథాతథంగా పెద్దది చేసే నియరెస్ట్ నైబర్ పెట్టండి. గళ్లు గళ్లుగా తేలుతుంది, నా మటుకు అదే అందం. రంగులకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థానాల్లో వరసగా ఉపగ్రహపు 8, 4, 3 బ్యాండ్లు (కంటికి కనబడని సమీప పరారుణ కాంతి, ఎరుపు, ఆకుపచ్చ) వాడితే పచ్చని పొలాలు ఎర్రగా, రాతి గుట్టలు బూడిద-నీలి రంగులో, గుంతల్లో నిలిచిన నీళ్లు దాదాపు నల్లగా వస్తాయి.

గుంతల మెట్లు కూడా కనబడాలంటే మాత్రం డ్రోనే దిక్కు. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకుని, క్వారీ వాళ్లని అడిగాకే ఎగరేయండి.