లివర్ కణాలకు కాపలా కణాలు తోడైతే ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. లివర్ కణాలను విడిగా పెంచితే అసలు సంగతి తెలియదని, రోగనిరోధక కణాలతో కలిపి ఒకే డిష్‌లో పెంచుతున్నామని చెప్పింది. అవి వీటిని తినెయ్యవా? ఇంకో మాట, మావారు ఉబ్బసానికి థియోఫిలిన్ వాడతారు. జ్వరం వచ్చినప్పుడల్లా అదే మాత్రకి వాంతులు, గుండె దడ. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రెండు ప్రశ్నలనుకుని అడిగారు గానీ, అమ్మా, రెండోదానికి జవాబు మీ అమ్మాయి డిష్‌లోనే ఉండొచ్చు.

తినవు. లివర్‌లో ఆ రెండూ ఎప్పుడూ ఇరుగుపొరుగే. రక్తం పారే సన్నని దారుల్లో గోడకు అతుక్కుని ఉండే ఈ కాపలా కణాలను కుప్ఫర్ కణాలంటారు, కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద. పేగుల నుంచి రక్తంలో కొట్టుకొచ్చే బ్యాక్టీరియాను, చచ్చిన కణాలను మింగుతాయి, ఆరోగ్యంగా ఉన్న లివర్ కణం జోలికి మామూలుగా పోవు.

కొల్లాజెన్ అనే ప్రోటీన్ పూసిన డిష్‌లో లివర్ కణాలు పోస్తే మొదట గుండ్రంగా ఉంటాయి, కొన్ని గంటల్లో అడుగుకు అంటుకుని, మర్నాటికి నాపరాళ్లు పరిచినట్టు మూలలు తేలి ఒకదానికొకటి ఆనుకుంటాయి, కొన్నిట్లో రెండేసి కేంద్రకాలు కనిపిస్తాయి, కణానికీ కణానికీ మధ్య పైత్యరసం పోయే సన్నని గీతలు మైక్రోస్కోప్‌లో మెరుస్తుంటాయి. నాకైతే ఎంత చూసినా తనివి తీరని దృశ్యం అది. వీటికి పదికి ఒకటి చొప్పున కుప్ఫర్ కణాలు కలుపుతారు. ఊరికే కలిపితే పెద్ద మార్పేమీ ఉండదు. కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అనే పదార్థం కాస్త వేస్తే మాత్రం కుప్ఫర్ కణాలు శత్రువు వచ్చిందనుకుని ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయన సంకేతాలు వదులుతాయి, అవి అందగానే లివర్ కణం తన రోజువారీ పనులు పక్కన పెట్టేస్తుంది. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తయారీ తగ్గుతుంది, ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నాయని చెప్పే సీఆర్‌పీ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అవును, కోవిడ్ రోజుల్లో అందరం టెన్షన్‌తో రిపోర్టుల్లో వెతుక్కున్న సీఆర్‌పీయే, అది తయారయ్యేది ప్రధానంగా లివర్‌లోనే. ఐఎల్-6కు ఒకప్పుడు లివర్ కణాన్ని ప్రేరేపించే పదార్థం అనే పేరు కూడా ఉండేది.

ఇక మీవారి సంగతి. మందుల్ని విరిచే సీవైపీ అనే ఎంజైములు లివర్ కణంలో ఉంటాయి, ఈ సంకేతాలు అందినప్పుడు అవి కూడా తగ్గిపోతాయి. థియోఫిలిన్‌ను ఎక్కువగా విరిచేది వాటిలో ఒకటే. ఎంజైము తగ్గితే మాత్ర అదే అయినా రక్తంలో మందు పేరుకుపోతుంది. 1980లో అమెరికాలోని సియాటెల్ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా-బి వ్యాపించినప్పుడు, అంతవరకు అదే డోసు బాగా పడిన ఉబ్బసం పిల్లల్లో థియోఫిలిన్ విషలక్షణాలు కనిపించాయి. కాబట్టి జ్వరంలో వాంతులు, దడ వస్తే అది మందు పడక కాదు, ఎక్కువై కావచ్చు. మీ అంతట మీరు పూర్తిగా మానెయ్యకండి, కానీ తర్వాతి మాత్ర వేసుకునే ముందే డాక్టరుకు చెప్పండి, రక్తంలో దాని మోతాదు చూసే పరీక్ష ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా థియోఫిలిన్‌ను పెంచుతాయి, జ్వరానికి ఏం రాసినా ఈ మాత్ర సంగతి ముందే చెప్పాలి.

రెండు రకాల కణాలను కలిపి పెంచడానికి ఇంత కష్టం ఎందుకు పడాలో ట్రోవాఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చెబుతుంది. మార్కెట్లోకి వచ్చాక కొందరి లివర్ పూర్తిగా దెబ్బతింది, 1999లో అమెరికాలో దానిపై గట్టి ఆంక్షలు పెట్టారు, యూరప్‌లో ఆపేశారు. ఒంటరి లివర్ కణాల మీద వేస్తే అంత హాని కనిపించదు. పక్కన కుప్ఫర్ కణాలు పెట్టి, వాటిని ఎల్‌పీఎస్‌తో లేపి, అప్పుడు ఆ మందు వేస్తే లివర్ కణాలు చచ్చిపోతాయి. మీ అమ్మాయి వాళ్లు వేస్తున్న మందు ఏమిటో, కుప్ఫర్ కణాలను లేపాక ఆల్బుమిన్ ఎంత తగ్గిందో ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి.