షికాగో చదువుల వెనక ఉన్న ఊరు

అడ్మిషన్ల కాలం కావడంతో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో షికాగో ఊసు బాగా పెరిగింది. మా అమ్మాయి కుటుంబం అక్కడే ఉంది. ఒక ఎండాకాలమంతా నేను వాళ్ళ దగ్గర ఉన్నాను. హనుమకొండలో కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి షాపింగుల కంటే లైబ్రరీలు, పాత కాలేజీ భవనాలే ఎక్కువ తిరిగాను. వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను.

*మా పిల్లగాడికి షికాగోలో ఎం.ఎస్. సీటొచ్చింది. కాలేజీ పేరు ఐఐటీ అంటున్నాడు. అమెరికాలో ఐఐటీ ఏంది, ఎవరో మోసం చేస్తున్నారని చుట్టాలంటున్నారు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది మేడమ్. అది నిజమైన కాలేజేనా?*
— ఒక తండ్రి, పరకాల

నిజమైన కాలేజే అన్నగారూ. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ దాని పూర్తి పేరు. ఆ పేరు 1940లో పెట్టారు. మన దేశంలో మొదటి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 1951లో మొదలైంది. కాబట్టి ఎవరినో చూసి పెట్టుకున్న పేరేమో అన్న అనుమానం వద్దు. ఆఫర్ లెటర్ మాత్రం కాలేజీ సొంత ఈమెయిల్ నుంచే వచ్చిందా లేదా అని బాబును ఒకసారి చూసుకోమనండి.

దాని పుట్టుక వింటే మీకూ నచ్చుతుంది. ఆ రోజుల్లో షికాగో అంటే మాంసం వ్యాపారం. పశువులు రైళ్ళలో ఊళ్ళోకి దిగేవి, మాంసం ఐసు నింపిన బోగీల్లో దేశమంతా పోయేది. అందులో విపరీతంగా గడించినవాళ్ళలో ఫిలిప్ ఆర్మర్ ఒకరు. 1890లో ఫ్రాంక్ గన్సాలస్ అనే పాస్టర్ చర్చిలో ప్రసంగిస్తూ, తన చేతిలో పది లక్షల డాలర్లుంటే అన్ని రకాల కుటుంబాల పిల్లలకూ బతుకుతెరువు చూపే చదువు చెప్పే బడి కడతానన్నాడట. వింటున్నవాళ్ళలో ఆర్మర్ కూడా ఉన్నాడు. డబ్బు నేనిస్తాను, నడపడం మీ బాధ్యత అన్నాడని చెబుతారు. 1893లో ఆర్మర్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచింది. 1940లో లూయిస్ ఇన్‌స్టిట్యూట్ దానితో కలిసి మీరడిగిన ఐఐటీ అయింది.

మీ బాబు అక్కడికి పోయాక క్రౌన్ హాల్ చూడకుండా ఉండడు. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ మీస్ వాన్ డెర్ రో డిజైన్ చేసిన భవనం అది, 1956లో పూర్తయింది. నాలుగు పెద్ద ఉక్కు దూలాలు పైకప్పును బయటినుంచి మోస్తుంటాయి, లోపల ఒక్క స్తంభం కూడా ఉండదు. వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగిన నేను ఆ హాల్లో నిలబడి చాలాసేపు పైకప్పు వైపే చూశాను. అదే జాగాలో అంతకుముందు మెక్కా ఫ్లాట్స్ అనే పెద్ద నివాస భవనం ఉండేది. కట్టింది 1892లో. తర్వాతి కాలంలో అందులో ఎక్కువగా నల్లజాతి కుటుంబాలే బతికాయి. కాలేజీ ఆ స్థలం కావాలంటే వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 1952లో దాన్ని కూల్చేశారు. బాబుకు ఈ సంగతి కూడా చెప్పండి. తను చదవబోయే చోట ఎవరు బతికారో తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

*యూనివర్సిటీ ఆఫ్ షికాగో, యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ షికాగో ఒకటేనా మేడమ్? కన్సల్టెన్సీలో అడిగితే రెండూ ఒకటే అన్నారు.*
— డిగ్రీ విద్యార్థిని, జనగామ

కాదమ్మా, పూర్తిగా వేరు. మొదటిది ప్రైవేటు, రెండోది రాష్ట్ర ప్రభుత్వానిది. ఫీజుల్లో, సీటు దొరకడంలో చాలా తేడా ఉంది. అప్లికేషన్ పెట్టే ముందు పేరు ఒకటికి రెండుసార్లు చూసుకో.

యూనివర్సిటీ ఆఫ్ షికాగో పేరుతో 1857లోనే ఒక సంస్థ ఉండేది. అప్పులపాలై 1886లో మూతబడింది. చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ 6 లక్షల డాలర్లు ఇస్తానని, మిగతా 4 లక్షలు మీరు కూడబెట్టండని షరతు పెట్టడంతో 1890లో కొత్తది ఏర్పడింది. స్థలంలో 10 ఎకరాలు మార్షల్ ఫీల్డ్ అనే బట్టల వ్యాపారి ఇచ్చాడు. 1892 అక్టోబర్ 1న క్లాసులు మొదలయ్యాయి. మొదటి రోజు నుంచే ఆడపిల్లలకు కూడా సీట్లిచ్చారు. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937లో అక్కడ చేరి జీవితమంతా అక్కడే ఉన్నారు. 1983లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

రెండోదాని కథ నాకు ఎక్కువ దగ్గర. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం చదువు ఖర్చు పెట్టుకుంది. అంతమందికి క్లాసులు ఎక్కడ చెప్పాలి? ఊరి పక్కనున్న మిషిగన్ సరస్సులోకి కిలోమీటరు పొడవున చొచ్చుకెళ్ళిన నేవీ పియర్ అనే రేవు కట్టడంలో 1946లో కాలేజీ పెట్టారు. అక్కడ రెండేళ్ళే చదువు. డిగ్రీ పూర్తి చేయాలంటే వేరే చోటికి పోవాలి. కాకతీయ యూనివర్సిటీ 1976లో ఏర్పడక ముందు హనుమకొండలో ఉస్మానియా పీజీ సెంటర్ ఉండేది కదా, ఇదీ అర్బానా ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ అసలు క్యాంపస్‌కు అలాంటి అనుబంధమే. ఊళ్ళోనే ఉండి పని చేసుకుంటూ చదవాలనుకునే పిల్లలకు నాలుగేళ్ళ కాలేజీ కావాలన్న ఒత్తిడి పెరిగింది. 1961లో మేయర్ రిచర్డ్ డేలీ స్థలం ప్రకటించాడు. హాల్‌స్టెడ్ వీధి, హారిసన్ వీధి కలిసే చోటు.

ఆ చోటు ఖాళీ భూమి కాదు. ఇటలీ, గ్రీసు నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఉన్న పేట. దాని నడుమ హల్ హౌస్ ఉంది. జేన్ ఆడమ్స్, ఎల్లెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్త్రీలు 1889లో ఒక పాత బంగళాలో పెట్టిన సంస్థ అది. పనికి పోయే తల్లుల పిల్లలను చూసుకోవడం, రాత్రి బడి, ఇంగ్లిష్ క్లాసులు, స్నానాల గదులు, పిల్లలకు ఆటస్థలం, ఇలా ఒక్కొక్కటీ పెరిగి 13 భవనాలయ్యాయి. ఫ్లోరెన్స్ కెల్లీ అక్కడ ఉంటూనే బాలకార్మికుల మీద సర్వే చేసింది. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం తెచ్చిన ఫ్యాక్టరీ చట్టం వెనక ఆ పని ఉంది. ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

పేట కూల్చేస్తామంటే ముందు నిలబడింది ఫ్లోరెన్స్ స్కాలా. ఇటలీ నుంచి వచ్చిన దర్జీ కూతురు, చిన్నప్పుడు హల్ హౌస్‌కు పోతూ పెరిగిన మనిషి. పేటలోని ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మేయర్ ఆఫీసులో బైఠాయించింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఓడిపోయారు. 1965లో క్యాంపస్ తెరిచారు. 13 భవనాల్లో రెండే మిగిలాయి, ఇప్పుడవి మ్యూజియం. నేను వెళ్ళినప్పుడు కిటికీలోంచి చూస్తే చుట్టూ కాంక్రీటు బ్లాకులు, బ్యాగులు తగిలించుకుని పోతున్న పిల్లలు కనిపించారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు, ఫోన్‌లో మన భాష వినబడింది. వాళ్ళ చదువు అవసరమే, కాదనను. కానీ మిడ్‌మానేరు కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను దగ్గరనుంచి చూసినదాన్ని. ఆ కాలేజీ వచ్చింది సరే, పేట పోవడం న్యాయమేనని మాత్రం నేను అనలేను.

*అమెరికాలో పెద్ద సంస్థలన్నీ కోటీశ్వరుల దానాలేనా? మామూలు మనుషులు నిలబెట్టుకున్నవి లేవా?*
— రిటైర్డ్ టీచర్, కరీంనగర్

ఉన్నాయి సార్. షికాగోలోనే రెండు చెబుతాను.

1945లో అక్కడి సెంట్రల్ వైఎంసీఏ కాలేజీ బోర్డు, విద్యార్థుల్లో ఏ జాతివాళ్ళు ఎందరు, ఏ మతంవాళ్ళు ఎందరు అని లెక్కలడిగింది. నల్లజాతి, యూదు పిల్లల సంఖ్యకు కోత పెట్టడానికే ఈ లెక్కలని ప్రెసిడెంట్ ఎడ్వర్డ్ స్పార్లింగ్ గ్రహించాడు. లెక్కలు ఇవ్వనని రాజీనామా చేశాడు. అధ్యాపకులు ఓటేస్తే 62 మంది ఆయన వైపు, ఒక్కరు ఎదురు. విద్యార్థుల్లో 488 మంది ఆయన వైపు, ఇద్దరు ఎదురు. లైబ్రరీ లేదు, బిల్డింగు లేదు, అయినా అందరూ బయటికొచ్చి కొత్త కాలేజీ పెట్టుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే చనిపోయిన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడ చదువుకున్న హెరాల్డ్ వాషింగ్టన్ 1983లో షికాగోకు మొదటి నల్లజాతి మేయర్ అయ్యాడు. నేను ఇంత ఇష్టంగా చెప్పుకునే కాలేజీ కథ ఇంకోటి లేదు.

రెండోది లైబ్రరీ. 1871 అక్టోబర్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరి నడిబొడ్డంతా కాలిపోయింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మందికి ఇళ్ళు లేకుండా పోయాయి. ఆ వార్త విని ఇంగ్లండ్‌లో థామస్ హ్యూస్ అనే ఆయన పూనుకుని పుస్తకాలు పోగుచేశాడు. విక్టోరియా రాణి దగ్గరనుంచి కవి టెన్నిసన్ దాకా ఎందరో పంపితే 8,000 పుస్తకాలయ్యాయి. అందరికీ ఉచితంగా పుస్తకాలిచ్చే లైబ్రరీ అప్పటికి ఆ ఊళ్ళో లేదు. వచ్చిన పుస్తకాల కోసం ప్రజలు మీటింగ్ పెట్టి, చట్టం తెచ్చుకుని, లైబ్రరీ ఏర్పాటు చేసుకున్నారు. పెట్టడానికి చోటు? మంటలకు తట్టుకుని మిగిలిన ఒక ఇనుప నీళ్ళ ట్యాంకు. దాని లోపల గుండ్రంగా అరలు అమర్చి 1873 జనవరి 1న తెరిచారు.

1897లో సొంత భవనం కట్టుకున్నారు, ఇప్పుడది కల్చరల్ సెంటర్. లోపలికి టికెట్ లేదు. పాలరాతి మెట్ల పక్క గోడల్లో రంగు గాజు ముక్కలు, ముత్యపు చిప్ప పొదిగారు. చేత్తో తడిమితే చల్లగా తగిలాయి. పైన టిఫనీ కంపెనీ చేసిన గాజు గోపురం, 38 అడుగుల వెడల్పు. పుస్తకాల గొప్పతనం చెప్పే వాక్యాలు గ్రీకు, హీబ్రూ, అరబిక్, చైనీస్ లిపుల్లో కూడా గోడల మీద ఉన్నాయి. లైబ్రరీ 1991లో వేరే భవనానికి మారింది. ఆ భవనానికి పెట్టింది ఇందాక చెప్పిన హెరాల్డ్ వాషింగ్టన్ పేరే.

మన హనుమకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగుకు దిక్కులేని రోజుల్లో కోటీశ్వరులెవరూ లేకుండా పెట్టుకున్న సంస్థ సార్ అది. షికాగో వాళ్ళు నీళ్ళ ట్యాంకు కథ ఊరంతా చెప్పుకుంటారు. మనం ఇది పిల్లలకు చెప్పడం లేదు.

*వివేకానందుడు ఉపన్యాసమిచ్చిన హాలు ఇప్పటికీ ఉందా?*
— మంచిర్యాల పాఠకుడు

భవనం ఉంది, ఇప్పుడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం. 1893 సెప్టెంబర్ 11న సర్వమత సభ మొదలైంది అక్కడే. సభ జరిగిన హాలు మాత్రం అప్పటి రూపంలో లేదు. బయట మిషిగన్ అవెన్యూలో ఆయన పేరుతో వీధి బోర్డు కనిపిస్తుంది.

*మా తాతగారి పెట్టెలో 1960ల నాటి తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలా ఉన్నాయి. అమెరికా యూనివర్సిటీలు పాత తెలుగు పుస్తకాలు తీసుకుంటాయని విన్నాను. షికాగోకు పంపవచ్చా?*
— గృహిణి, మంథని

పంపే తొందర పడకమ్మా. ఆ కాలపు పుస్తకాల్లో చాలావరకు వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉండవచ్చు. అమెరికా మనకు పీఎల్ 480 అనే తమ చట్టం కింద గోధుమలు అమ్మి, డబ్బు రూపాయల్లో తీసుకునేది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన భాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని అక్కడి లైబ్రరీలకు పంపారు. షికాగో యూనివర్సిటీ కూడా వాటిని అందుకుంది. వాళ్ళ పెద్ద లైబ్రరీ రెగెన్‌స్టైన్ 1970లో తెరుచుకుంది. 1942 డిసెంబర్ 2న భౌతికశాస్త్రవేత్త ఫెర్మి బృందం మనిషి అదుపులో ఆగకుండా సాగే మొదటి అణు గొలుసు చర్య నడిపించింది స్టాగ్ ఫీల్డ్ అనే స్టేడియం గ్యాలరీ కింద. ఆ స్టేడియం తీసేశాక అదే మైదానంలో ఈ లైబ్రరీ కట్టారు. బ్రౌన్ తెలుగు నిఘంటువును అందరూ ఉచితంగా ఇంటర్నెట్‌లో వెతుక్కునేలా పెట్టింది కూడా ఆ యూనివర్సిటీయే. నేను రోజూ వాడుతుంటాను.

నువ్వు ముందు ఒక నోట్‌బుక్‌లో జాబితా రాయి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన ఊరు, సంవత్సరం. పత్రికలకైతే నెల, సంచిక కూడా రాయాలి. తర్వాత వరల్డ్‌క్యాట్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వాటిని వెతికితే ఏ దేశంలో ఏ లైబ్రరీలో ఉన్నాయో కనిపిస్తుంది. ఎక్కడా కనబడనివి విడిగా రాసిపెట్టు, విలువైనవి అవే. వాటిని ఇక్కడే మన లైబ్రరీలకు చూపించి స్కాన్ చేయించే ఏర్పాటు అడుగుదాం. జాబితా నాకు పంపితే నేను కూడా చూస్తాను. చెదలు పట్టినవి ఏమైనా ఉంటే మిగతావాటికి అంటకుండా ఈరోజే వేరే పెట్టెలోకి మార్చు. చిరిగిన పేజీలకు మాత్రం సెల్లో టేపు అంటించకు.