ఆన్‌లైన్ రోల్‌ప్లే గ్రూపులో కొత్తవాళ్లు నిలబడాలంటే ఏం చేయాలి?

డిస్కార్డ్ అనే చాట్, వాయిస్ యాప్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేస్తూ కథలా ఆడే ఆట) గ్రూపు పెట్టామని, కొత్తవాళ్లు ఒకటి రెండు ఆటలకే మానేస్తున్నారని, ఏం చేయాలని ఒకరు అడిగారు.

నా ఉద్దేశంలో వాళ్లు వెళ్లిపోయేది రూల్స్ రాక కాదు, మాట్లాడే సందు దొరక్క. వాయిస్ కాల్‌లో పాతవాళ్లు గబగబా మాట్లాడేస్తుంటే, కొత్త మనిషి మ్యూట్ తీసేలోపే సన్నివేశం దాటిపోతుంది. అందుకే కథ నడిపించే గేమ్ మాస్టర్ కొత్తవాళ్లను పేరు పెట్టి అడగాలి: "తలుపు అవతల అడుగుల చప్పుడు. మీ విలుకాడు ఏం చేస్తాడు?" అడిగాక ఆగాలి. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా కొంప మునగదు.

ఆట మొదలవ్వకముందే 'సెషన్ జీరో' పెట్టండి. ఎలాంటి కథ కావాలి, ఏ విషయాలు అసలు రాకూడదు, ఎంతసేపు ఆడాలి అన్నవి అక్కడే తేల్చుకోవాలి. దానికి తోడు జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ అనే పద్ధతి ఉంది. ఇబ్బందిగా అనిపిస్తే చాట్‌లో ఎక్స్ అని కొడితే చాలు, ఆ భాగం వదిలేసి ముందుకెళ్తారు. కారణం మాత్రం అడగొద్దు. ఒక్కసారి నిలదీస్తే ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు.

"నా పాత్ర స్వభావమే అంత" అంటూ తోటివాళ్ల సొత్తు కాజేసే ఆటగాడు దాదాపు ప్రతి గ్రూపులోనూ తగులుతాడు. కథలో అతని పాత్రను చంపి బుద్ధి చెప్పాలని చూడకండి, పంతం పెరుగుతుంది. విడిగా పిలిచి సూటిగా చెప్పండి. అయినా మారకపోతే, ఎంత బాగా ఆడేవాడైనా సరే, పంపించేయండి.